కలపకూడని గీత

మా వాడలో ఇప్పుడు బీడీలు చుట్టేవాళ్లు లేరు. అందరం కణాల బొమ్మలే దిద్దుతున్నాం. యంత్రం పలక మీదికి పంపిన బొమ్మను వేలితో దిద్ది, సరిగ్గా ఉందని చెప్పాలి. రోజుకు రెండు వందల బొమ్మలు. సాయంత్రానికి కళ్లు మండుతాయి. ఆ బొమ్మల ప్రకారమే గుట్ట కింద సొరంగంలో కణాలను ఢీకొట్టిస్తారు. మా బిడ్డ హైమ పని చేసేది అక్కడే.

ముగ్గులో గీత చివర వదిలేయకూడదు. ఈ బొమ్మల్లో కొన్ని చివరలు వదిలేయాలి. మొన్న అలసటలో ఒకదాన్ని అలవాటుగా కలిపేశాను. సొరంగంలో పని ఆగింది. హైమ మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది.

"ఎవరో గీత మూసిండ్రంటనే అమ్మా. కణం బయటికి పోనీకి తొవ్వే లేదంట. ఇంకోపారి జేస్తే వాళ్ల పలక గుంజుకుంటరంట."

నేనేనని చెప్పలేదు. "నీకేం గాలేదు గద బిడ్డా?"

"నాకేమైతదే? రోజూ ఇదే పాట."

ఈ రోజు పొద్దున హైమ చెప్పులేసుకుంటూ, సొరంగం గోడల్లో నీళ్లు ఊరుతున్నాయని మామూలుగా చెప్పి వెళ్లింది. నలభై బొమ్మలు సరిగ్గానే దిద్దాను. తర్వాతి బొమ్మలో, వదిలేయాల్సిన చివర మీద వేలు ఆపాను. గీత కలిపేసి, లేచి మధ్యాహ్నానికి ఇద్దరికి సరిపడా బియ్యం కడిగాను.