డాక్టరమ్మ హస్తవాసి

"చెయ్యి తియ్యి! ఎవరు నువ్వు?"

చౌడేశ్వరమ్మ కేకకి, ఆమె కోడలి నడుం మీద వేసిన చెయ్యి ముసలామె వెనక్కి తీసుకుంది.

"మార్తనండి. డాక్టరుగారు పంపారు. అమ్మాయిని పక్కకి తిప్పి పడుకోబెడదామని..."

"పంపితే పంపారులే. ఆయమ్మ చేత పురుడు పోయించుకోడానికా ఇక్కడిదాకా వచ్చాం? డాక్టరమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడ్డానికి వీల్లేదు."

"ఆవిడ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారండి. గంట పడుతుంది."

"పడనీ. ఆగుతాం."

నొప్పులు చౌడేశ్వరమ్మ మాట వినే రకం కాదు. మంచం మీద మల్లీశ్వరి పళ్ళు బిగపట్టి మూలిగింది.

"అత్తయ్యా, ఈవిడ పట్టుకుంటే కాస్త హాయిగా ఉంది. ఉండనివ్వండి. నాకు కోత వద్దత్తయ్యా, భయం."

"కోత ఎందుకు పడుతుందే పిచ్చిదానా! జ్యోతిర్మయిగారి హస్తవాసి నీకేం తెలుసు?"

మల్లీశ్వరికి తెలియకపోవడమేమిటి, వన్ టౌన్‌లో బట్టల కొట్లున్న ఆ వీధి వీధంతటికీ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఓ చిన్న ఆసుపత్రిలో, చౌడేశ్వరమ్మ కొడుకు దుర్గాశంకర్ ఎదురుకాళ్ళతో వచ్చాడు. బిడ్డ దక్కడన్నారు. ఆమెకి స్పృహ తప్పింది. కళ్ళు తెరిచేసరికి కుర్ర డాక్టరు జ్యోతిర్మయి బిడ్డనెత్తుకుని ఎదురుగా నిలబడి ఉంది.

ఆ రోజు నుంచీ చౌడేశ్వరమ్మకి కనకదుర్గమ్మ తర్వాత డాక్టరమ్మే.

తమ కొట్టుకి చీర కొనడానికొచ్చిన ప్రతి గర్భిణికీ ఆ కథ చెప్పిగానీ పంపేది కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తంతే నడుం పట్టు వదులుతుందని హమాలీలు చిన్న దుర్గాశంకర్ ముందు వరసగా బోర్లా పడుకునేవాళ్ళు. వాళ్ళకీ అదే కథ. అలా ఆ పేరు చల్లపల్లి దాటి దివిసీమ దాకా పాకింది. ఇవాళ భవానీపురంలో జ్యోతిర్మయికి మూడంతస్తుల ఆసుపత్రి ఉంది.

మార్త బయటికి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. అరగంటాగి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"బిడ్డ తల కిందికే ఉందండి. కానీ మొహం పైకి తిరిగుంది. ఇప్పుడైతే కాస్త ఓపిగ్గా చూస్తే సర్దుకుంటుంది. తర్వాత కష్టం."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"నర్సునండి. రిటైరయ్యాను."

"మరింకేం, వెళ్ళి రెస్టు తీసుకో."

మార్త వెళ్ళి మళ్ళీ బల్ల మీదే కూర్చుంది.

ఇంకో అరగంటకి జ్యోతిర్మయి వచ్చింది. మల్లీశ్వరిని పరీక్ష చేసింది. బిడ్డ గుండె చప్పుడు రెండుసార్లు విన్నది. ఆవిడ మొహం మారింది.

"మార్తమ్మ రాలేదా?"

"వచ్చిందమ్మా. నేనే వద్దన్నాను. మీ చెయ్యి పడితే చాలు మాకు."

డాక్టరు గుమ్మం వైపు తిరిగింది.

"బిడ్డ అలిసిపోయింది. ఇక ఆగడానికి లేదు. థియేటర్ రెడీ చెయ్యండి. మార్తమ్మా, మీరూ రండి!"

దుర్గాశంకర్ కాగితాల మీద సంతకం పెట్టాడు. కోత వద్దన్న పిల్ల ఏడుస్తూనే స్ట్రెచర్ ఎక్కింది.

ఇరవై నిమిషాల్లో ఆడపిల్ల కేరుమంది. తల్లీబిడ్డా క్షేమం. జ్యోతిర్మయి చెయ్యి తిరిగిన డాక్టరు, అందులో అబద్ధమేమీ లేదు.

మార్త పసిగుడ్డుని మెత్తటి బట్టలో చుట్టి తెచ్చి అందించింది. చౌడేశ్వరమ్మ ఆమె మొహం కూడా చూడకుండా అందుకుంది. మనవరాలిని కొడుక్కిచ్చి, వెనకే వచ్చిన డాక్టరు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"కోత పడితే పడింది. ఆ రోజు నా కొడుకునీ, ఈ రోజు నా మనవరాలినీ గట్టెక్కించింది ఈ చేతులేనమ్మా!"

పక్క గదిలోంచి ఎవరో మూలిగితే మార్త అటు వెళ్ళిపోయింది. ఆమె కనుమరుగయ్యేదాకా చూసి, జ్యోతిర్మయి తన చేతులు మెల్లగా విడిపించుకుంది.

"ఈ మాట మీకు ఎప్పుడో చెప్పాల్సింది. మీరు పొగుడుతుంటే వినడానికి బాగుండి ఊరుకున్నాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది."

"ఏ మాటమ్మా?"

"అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మీ అబ్బాయి కాళ్ళు కనబడగానే చేతులాడక గోడకి ఆనుకుని ఏడుస్తూ నిలబడ్డాను. వాణ్ణి క్షేమంగా బయటికి తీసి, శుభ్రం చేసి, నా చేతుల్లో పెట్టి, 'తల్లికి మీరే చూపించండి డాక్టరుగారూ' అని పక్కకి తప్పుకున్నది మార్తమ్మ."