పసుపు కోటు వెనకే

"ఈ ట్రిప్పు కూడా తగలడిందంటే, ఇంటికెళ్లగానే బండి అమ్మేస్తున్నాం," అంది ఎల్కే, మోటారు సైకిలు వెనక సీటెక్కుతూ.

రైనర్‌కి ఆ బండంటే ప్రాణం. కిందటేడు పెళ్లాన్ని వానలో తడిపాడు. అంతకుముందేడు దారి తప్పించాడు. అందుకే ఈసారి ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో తిప్పడానికి గైడుని మాట్లాడాడు. హనోవర్ నుంచి మరో మూడు జంటలు మూడు బళ్ల మీద కలిశాయి.

"బంకు దగ్గర పసుపు కోటు మనిషి ఉంటాడు. ఆయన వెనకే వెళ్లండి, ఆయనేం చేస్తే అది చెయ్యండి," అన్నారు ట్రావెల్స్ వాళ్లు.

పసుపు కోటు మనిషి పెట్రోలు కొట్టించుకుని, మాటా పలుకూ లేకుండా బయల్దేరాడు. నాలుగు బళ్లూ బాతుపిల్లల్లా వెనకే కదిలాయి.

"ఏం పొగరు! పలకరింపైనా లేదు."

"కొండ మనుషులంతే ఎల్కే. మాట తక్కువ, పని ఎక్కువ."

కూడలిలో గైడు గుండ్రంగా మూడుసార్లు తిరిగాడు. వీళ్లూ తిరిగారు.

"చూశావా, అందరం వస్తున్నామో లేదో చూసుకుంటున్నాడు!" రైనర్ మురిసిపోయాడు.

ఆ తర్వాత గైడు బండి దూకించాడు. కొండ మలుపుల్లో వీళ్లూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దూకించారు. వెనక ఎల్కే ఒకటే కేకలు. ఇక బండి పోయినట్టేనని రైనర్ దిగులుపడ్డాడు. తీరా చూస్తే అవి సంతోషం కేకలు!

ఉన్నట్టుండి గైడు తారు రోడ్డు వదిలేసి పశువుల బాటలోకి దూరాడు. తను దాటి గేటు మూసేశాడు. రైనర్ దిగి తీసి, అందరూ దాటాక పద్ధతిగా మళ్లీ మూశాడు. అటువైపు గంటలు కట్టిన ఆవులు, మంచు శిఖరాలు తప్ప ఒక్క టూరిస్టు లేడు.

చివరికి ఓ రైతు ఇంటి ముందు బండి పడేసి, గైడు లోపలికి పరుగెత్తాడు.

"పాపం, ఎంతసేపు ఆపుకున్నాడో!" అంది ఎల్కే.

వాకిట్లో బంగాళాదుంపలు చెక్కుతున్న ముసలావిడ తలెత్తింది.

"మా కాస్పర్‌తో వచ్చారా? ఇంతమందా! వాడి వెంట ఒక్కరొచ్చిన పాపాన పోలేదు. రండమ్మా, కూర్చోండి."

వేడి పులుసులో పిడికెడేసి రొట్టె ఉండలు వేసి పెట్టింది. వద్దన్నకొద్దీ వడ్డించింది. డబ్బు మాటెత్తితే గరిటె చూపించింది.

ఎల్కే నోటినిండా కుక్కుకుని మొగుడి వీపు తట్టింది. "బండి ఉండనీలే. వచ్చే ఏడు కూడా ఈ గైడుతోనే వద్దాం."

రైనర్‌కి కళ్లు చెమర్చాయి.

మేడ మీద గదిలో గడియ పెట్టుకుని, మంచం కింద దూరి కాస్పర్ ఫోనులో గుసగుసలాడుతున్నాడు: "పోలీసులేనా, పొద్దున బంకు దగ్గర నా వెంట పడ్డ ముఠా ఇంట్లో జొరబడి మా అమ్మ చేత వండించుకు తింటోంది, త్వరగా రండి బాబూ!"