ఒక పక్క వణుకు

పళ్లెంలో చిన్న గాజు గిన్నెలు టకటకా కొట్టుకున్నాయి. ద్రాక్షరసం ముందు వరసలో కూచున్న రెబెకమ్మ తెల్లచీర మీద ఒలికింది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నాడు ఇరవై ఏళ్లుగా ఆ పళ్లెం మోస్తున్న మాల్యాద్రి నిలువునా వణుకుతున్నాడు.

"పొద్దున్నే మందేసుకోనొచ్చినాడు" అన్నారు వెనక వరసలో ఎవరో.

ఉదయగిరి పక్కన ఆ చిన్న ఊరంతా అప్పటికే అనుకుంటున్న మాట అది. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. తాగినవాడి పేరు ఆ సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తారు. పేరు పోతే బల్ల లేదు. చచ్చాక సంఘం సమాధుల దొడ్లో చోటూ లేదు. మాల్యాద్రి భార్య అక్కడే ఉంది. ఆమె పక్కన జానెడు చోటు ఆయన కోసమే వదిలారు.

వచ్చే ఆదివారం విచారణ అన్నాడు పాస్టరు జోయల్.

గురువారం కూతురు సుకుమారి తండ్రిని ఆత్మకూరు తీసుకెళ్లింది. నరాల డాక్టరు నడిపించి చూశాడు, జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చాడు. మాత్రలు మాత్రం దొరకలేదు. సోమవారం రమ్మన్నాడు మందుల షాపు కోదండరామయ్య.

ఆదివారం మాల్యాద్రి ఆ కాగితాన్ని జోయల్ ముందు కొట్టినట్టు పెట్టాడు.

"ఇది తాగుడు గాదు అయ్యగారూ. తలకాయలో నరాల కణాలు చచ్చిపోతా ఉండాయంట. వాటిల్లో ఏందో ప్రోటీను, కాలవలో పూడిక మాదిరి గడ్డ కడతాదంట. ఆ చెత్త తోసుకోలేక కణం చస్తాది. దాని పక్కది చస్తాది. చెయ్యి ఊగేసరికే సగం పోయుంటాయంట. సంగం ఊరి చేలల్లో అన్నేళ్లు కలుపు మందు కొట్టినాను గదా, అదీ ఒక కారణం కావచ్చన్నాడు."

జోయల్ ఎప్పటిలాగే ఎడమచేయి బైబిలు కింద పెట్టుకుని ఉన్నాడు. కుడిచేత్తో కాగితాన్ని పక్కకు నెట్టాడు. చదవలేదు.

"ఆ జబ్బయితే ఒక పక్కనే మొదలవుతాది. నీకు రెండు చేతులూ ఊగుతుండాయి."

"మూడేళ్ల నాడు కుడిచేత్తోనే మొదలైంది."

"కాగితాలు ఎన్నైనా పుడతాయి మాల్యాద్రీ."

మాల్యాద్రికి ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచి, అక్కడ కూచున్న సంఘం పెద్దల్లో ఒక్కొక్కరి ముఖం మీదికీ వెళ్లి ఊదాడు. వాసన చూడమన్నాడు. ఇన్నేళ్లలో తాను తాగగా ఒక్కడన్నా చూశాడా అని అడిగాడు. ఒక్కొక్కరూ ముఖం తిప్పుకున్నారు. జోయల్ పుస్తకం తెరిచి, కుడిచేత్తోనే ఆ పేరు మీద గీత కొట్టాడు.

సోమవారం సుకుమారి ఒక్కతే ఆత్మకూరు వెళ్లింది. కోదండరామయ్య మాత్రలు ఇస్తూ చీటీ మీద ఊరి పేరు చూసి, నొచ్చుకున్నట్టు అన్నాడు.

"మీదీ ఆ ఊరేనా, ఏమనుకోబాకమ్మా, నాలుగేళ్లుగా ఇవే మాత్రలు మింగతా ఉండే మీ జోయల్ అయ్యగారు పోయిన వారం ఉన్న డబ్బా అంతా పట్టుకుపోయినారు."