పిరికి చేతులు

"గుమ్మం చూసుకోండి సార్!"

కెప్టెన్ అరిచేలోపే కోచ్ బొటనవేలు చెక్క అంచుకు తగిలింది. గొంతు దాకా వచ్చిన బూతును ఆయన మింగేశాడు. జిమ్ములో ఆ చెక్క నేల వేయించింది ఆయనే మరి, దాన్ని తిట్టడానికి నోరెలా వస్తుంది?

సిమెంటు నేల మీద ఆడి కుర్రాళ్ళ మోకాళ్ళు అరిగిపోతున్నాయని సెలవుల్లో ప్రిన్సిపాల్‌తో పోట్లాడాడు. కాళ్ళరిగేలా తిరిగి మరీ ఒప్పించి, పాత సిమెంటు మీదే కొత్త నేల పరిపించాడు. పనంతా దగ్గరుండి చూసుకున్నాడు. తెరుచుకోనని మొరాయించిన స్టోర్ రూమ్ తలుపును అడుగున కోయించాడు. గోడవారన ఉన్న బెంచీలను విప్పించి మళ్ళీ బిగింపజేశాడు.

ఇంత చేస్తే ఒరిగిందేమిటి? పోయిన ఏడాది ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు ఈ ఏడాది అట్టడుగున పడి ఉంది. లీగ్ మ్యాచులన్నీ స్టేడియంలోనే జరుగుతాయి. ఆ సాయంత్రం చివరి మ్యాచ్. అదీ ఓడితే బాస్కెట్‌బాల్ జట్టునే ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పాడు.

"వెయ్యండ్రా," అన్నాడు కోచ్.

వేశారు. ఒక్కటీ తప్పలేదు. కెప్టెన్ వేసిన బంతులైతే రింగును తాకకుండా వలలోంచి జారిపోయాయి. అది చూసి కోచ్ సంతోషించలేదు, ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడైతే ఇరగదీస్తారు. అక్కడికెళ్ళగానే చేతులెత్తేస్తారు. ఏం రోగంరా మీకు?"

"అర్థం కావట్లేదు సార్," అన్నాడు కెప్టెన్. "ఇక్కడ వేసినట్టే వేస్తున్నాం. బంతి రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కొచ్చేస్తోంది."

"నాకర్థమైంది. జనాన్ని చూడగానే చెయ్యి వెనక్కి లాగేస్తున్నారు. పిరికి చేతులు మీవి! నీ తమ్ముణ్ణి ఊరికే తీసేశాననుకున్నావా?"

కెప్టెన్ బంతిని నేలకేసి కొట్టాడు. తమ్ముడు జట్టులోకెల్లా మంచి షూటర్. సీజన్ మధ్యలో అందరి ముందూ పిరికివాడనిపించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు బూట్లు అటక మీదికి విసిరేసినవాడు మళ్ళీ బంతి ముట్టలేదు, అన్నతో సరిగ్గా మాట్లాడనూ లేదు. ఈ మ్యాచ్ గెలిస్తే కోచ్ కాళ్ళు పట్టుకునైనా వాణ్ణి వెనక్కి తేవాలని కెప్టెన్ అనుకున్నాడు.

మ్యాచ్ చివరి క్షణాల దాకా వచ్చింది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఎదుటి జట్టువాడు ఫౌల్ చేయడంతో కెప్టెన్‌కి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఎవరూ అడ్డురారు, గీత దగ్గర నిలబడి వేయడమే. రెండూ పడితే గెలుపు.

స్టేడియం హోరెత్తిపోతోంది. కెప్టెన్ తన చేతుల్ని చూసుకున్నాడు. వణకడం లేదు. జిమ్ములో వేసినట్టే వేశాడు.

ముందు అంచుకు ఠంగుమంది.

రెండోదీ అలాగే వేశాడు. అదీ అక్కడే తగిలి ఎదుటివాడి చేతుల్లో పడింది. అంతే, ఆట ముగిసింది.

కోచ్ ఎవర్నీ ఇంటికి పోనివ్వలేదు. కాలేజీ బస్సులో తిన్నగా జిమ్ముకే తీసుకొచ్చి బంతిని కెప్టెన్ గుండెల మీదికి విసిరాడు.

"వెయ్యి!"

వేశాడు. వల మాత్రమే కదిలింది.

"చూశారా! ఇప్పుడెలా పడిందిరా? ఎవరూ చూడట్లేదనేగా? జట్టును ముంచేశావు కదరా! విప్పు ఆ జెర్సీ!"

కెప్టెన్ విప్పి ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు.

"నా చెయ్యి వణకలేదు సార్. మా తమ్ముడిదీ వణకలేదు. మీరు వాడి ఆటే కాదు, వాడి మొహంలో నవ్వు కూడా లాగేసుకున్నారు."

"నోర్ముయ్! అన్నా తమ్ముళ్ళిద్దరూ ఒకటే బాపతు!"

కోచ్ విసురుగా బయటికి నడిచాడు. తిట్టాల్సింది ఇంకేదో గుర్తొచ్చినట్టు గిర్రున వెనక్కి తిరిగాడు. లోపలికి రాబోతూ మళ్ళీ అదే అంచుకు అదే వేలు కొట్టుకున్నాడు. ఈసారి మాత్రం మింగలేదు.

"దిక్కుమాలిన గుమ్మం!" అంటూ అక్కడే కూలబడ్డాడు. వేలి నుంచి రక్తం కారుతోంది.

ఎంత కోపమున్నా చూస్తూ ఊరుకోలేక కెప్టెన్ వచ్చి పక్కన వంగాడు. రక్తం తుడవబోయిన చెయ్యి చెక్క అంచు దగ్గర ఆగిపోయింది. అరచేతిని అడ్డంగా ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. తల తిప్పి, అడుగున కోసిన స్టోర్ రూమ్ తలుపును చూశాడు. ఆ తర్వాత గోడకున్న రింగును చాలాసేపు చూశాడు.

"ఏంట్రా ఆ చూపు?" కసిరాడు కోచ్.

"నేల బెత్తెడు లేచింది సార్, రింగు లేవలేదు."