ఎర్రాకుల మీద జారినవాడు

పసిపిల్లలు గెంతుకుంటూ ఎక్కే దారిలో, తడిసిన మేపుల్ ఆకుల మీద కాలు జారి తేసోక్ చతికిలపడ్డాడు.

యేరిన్‌ని పెళ్లాడతానని ఆమె తండ్రిని అడగడానికే అతను నెజాంగ్ కొండకు వచ్చాడు. తల్లీకూతుళ్లు కింద హోటల్లో ఉల్లికాడల అట్లు తింటూ, మగవాళ్లిద్దరినీ పైకి పంపారు. అడగాల్సిన మాట ఇంకా నోట్లోనే ఉంది. చీలమండ మాత్రం బూరెలా పొంగింది.

పెద్దాయన కాలు నొక్కి చూసి, వీపు తిప్పి కూర్చున్నాడు. "ఎక్కు."

"అయ్యో, వద్దు సార్! మెల్లగా కుంటుకుంటూ వస్తాను."

"నువ్వు కుంటుకుంటూ దిగేసరికి ఈ కొండ మీద ఒక్క ఆకు మిగలదు. ఎక్కవయ్యా!"

తేసోక్ సిగ్గుతో చచ్చిపోతూ ఎక్కాడు. ఎర్రటి కొమ్మలు తలకు తగులుతున్నాయి. ఎదురొచ్చిన పిల్లలు వేలు పెట్టి చూపిస్తూ నవ్వారు. ఒకావిడ జాలిపడి అతని చేతిలో కమలాపండు పెట్టింది. ఇక ఈయన పిల్లనిచ్చినట్టే అనుకున్నాడు.

"క్షమించండి సార్. మీ ముందు పరువు పోయింది."

పెద్దాయన వంతెన దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఎదురుగా హోటల్ కనిపిస్తోంది.

"ముప్పై ఏళ్ల కిందట మా మామగారు నన్నూ ఈ దారిలోనే మోశారు. అప్పటికింకా మామగారు కాలేదనుకో."

"మీకూ కాలు బెణికిందా?"

"లేదు. ఆయాసమొచ్చి నడవలేక అబద్ధమాడాను." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఈ సంగతి మీ అత్తగారికి మాత్రం చెప్పకు."