బయటివాళ్ళ రుమాలు

"నా టోపీ ఏదయ్యా?" కారు దిగుతూనే అడిగాడు నాయకుడు.

డ్రైవరు కారులోని ఖాళీ అర తెరిచి చూపించాడు. "అన్ని వీధుల ఓట్లూ కావాలంటే అది ఎవరి కంటా పడకూడదని మీరే తీయించేశారు కద సార్."

మసీదు ముందు అమ్మ జనాజా, ఆఖరి నమాజు కోసం పాడె మీద సిద్ధంగా ఉంది. అన్నయ్య ఎదురొచ్చాడు.

"ఆఖరిదాకా నిన్నే అడిగింది. మీటింగులో ఉన్నాడని చెప్పాం."

"అన్నా, ఇంకో టోపీ ఉందా?"

అన్నయ్య ఆ ఉత్త తల వంక చూసి, గుమ్మం పక్కనున్న బుట్ట చూపించాడు. "బయటివాళ్ళ కోసం రుమాళ్ళు తెప్పించాం. ఒకటి తీసుకో."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నాయకుడికి.

తలకు చుట్టుకోబోతే రుమాలు జారి కింద పడింది. రుమాళ్ళు కట్టుకుని వెనక వరుసలో నిలబడ్డ వాళ్ళలోంచి ముసలి కుమ్మరి వచ్చి, దాన్ని తీసి ఆయన తలకు చుట్టాడు.

"బిగించి కట్టుకోవాలి బాబూ, లేకపోతే ఊడిపోతుంది. మీ నాన్న పోయిననాడు మీ అమ్మే నాకిలా కట్టింది. 'ఇప్పుడు నువ్వూ మా ఇంటి మనిషివే' అంది."

నాయకుడు తలొంచి కట్టించుకున్నాడు. తర్వాత అన్నయ్య పక్కకు వెళ్ళలేక, కుమ్మరి వెంట వెనక వరుసలోకి నడిచాడు.