మిగిలిన ఒక్క బేరం

"ఇవాళ్టితో మొత్తం ఆపేద్దాం," అన్నాడు బావ.

"ఒక్క నెల చూద్దాం బావా," అన్నాడు బావమరిది, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

"ఏం చూస్తావు? ఏడాదిగా చూస్తూనే ఉన్నాంగా."

టైర్ల కొట్టు పైన ఒంటి గది వాళ్ళ ఆఫీసు. కింద రబ్బరు వాసన, పైన వీళ్ళ అప్పడంలాంటి ఆశ. కరెంటు బళ్ళు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు. ఏ బండిలో ఎంత చార్జింగ్ ఉంది, ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ ఆగింది అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీయే విడిగా చూపిస్తుంది. నాలుగు రకాల బళ్ళున్న ట్రావెల్స్ యజమాని నాలుగు చోట్ల వెతుక్కోవాలి. వీళ్ళు అన్నిటినీ కలిపి ఒకే తెర మీద పెట్టి అద్దె పుచ్చుకునేవారు. సరుకు మంచిదే. కానీ పక్కవాడి పాలు తెచ్చి తోడేసి అమ్మే వ్యాపారం అది. పాలవాడే పెరుగు ఊరికే పంచడం మొదలుపెడితే కుండ బోర్లించుకోవాల్సిందే. కంపెనీలు చేతులు కలిపి, అన్ని బళ్ళనీ ఒకేచోట ఊరికే చూపిస్తూ ఆ పనే చేశాయి. ట్రావెల్స్ వాళ్ళు పోయారు, కొరియర్ వాళ్ళు పోయారు, ఆఖరికి స్కూలు బస్సులూ పోయాయి.

"ఇంకా ఒకరున్నారు," అన్నాడు బావమరిది. "రోజూ చూస్తారు. ఒక్క పూట మానలేదు."

"ఎవరా మహానుభావుడు?"

"వాడి చూడమని ఊరికే ఇచ్చాం కదా, అలాంటి ఖాతా."

"డబ్బు కూడా కట్టడన్నమాట. ఒక్క ఉత్త బేరం కోసం కొట్టు నిండా దీపాలు పెట్టుకు కూర్చోమంటావు. పేరేంటో?"

"లోపలికి తొంగి చూడకూడదని నువ్వేగా రూలు పెట్టావు."

నిజమే. మొదటి రోజే పెట్టిన కట్టు అది. నలుగురి బళ్ళు ఎటు పోతున్నాయో తెలిసినవాడు కళ్ళూ నోరూ రెండూ కట్టుకోవాలి. అందుకే ఎవరైనా బేరానికొచ్చి నమూనా చూపించమంటే బావ తన కారునే చూపించేవాడు తప్ప పరాయి బండి జోలికి పోలేదు. ఏడాదిలో నిలబెట్టుకున్నది ఆ మాటొక్కటే.

అతను సొరుగు లాగి తాళాలు, చెక్కుబుక్కు, గది కాగితాలు ఒక పక్కన పేర్చాడు. ఫోన్ కూడా తీసి వాటి మీద పెట్టాడు. ఇవాళ దాన్ని వెంట తీసుకెళ్ళదల్చుకోలేదు.

ఈమధ్య ఇంటికి పోయే దారిలో వంతెన మీద కారాపి, రెయిలింగ్ పట్టుకుని నీళ్ళకేసి చూడటం అలవాటైంది. అక్కడ నిలబడితే ఏ లెక్కా గుర్తురాదు. భార్య సంగతేమిటో గానీ, సరిగ్గా అప్పుడే ఫోన్ మోగిస్తుంది. "ఏవండీ, స్టవ్ వెలగట్లేదు, తొందరగా రండి," అంటుంది. ఇంకోరోజు, "పిల్ల మీరొస్తే గానీ తిననని మొండికేసింది," అంటుంది. తీరా వెళ్తే స్టవ్ భగభగా మండుతూ ఉంటుంది, పిల్ల తినేసి నిద్రపోతూ ఉంటుంది. నిమిషం నీళ్ళు చూడనివ్వదు కదా అని విసుక్కునేవాడు.

"ఫోన్ మర్చిపోతున్నావు బావా."

"మర్చిపోలేదు. నువ్వు లే, నేనే ఆపేస్తాను."

బావమరిది లేవలేదు. "నా జీతం వద్దు. గది అద్దె నేను కడతాను. తెర మాత్రం ఉంచు."

"నీకేమైనా పిచ్చా? చచ్చిన గుర్రానికి గుగ్గిళ్ళు పెడతానంటావేంట్రా?"

"ఆ ఒక్కరికీ ఇది కావాలి బావా."

"కావాలంటే ఆ కంపెనీల దగ్గరే ఊరికే చూసుకుంటాడు. లే."

అతని గొంతులో కోపం లేదు. కోపం కూడా ఖర్చే, ఆ సరుకూ అయిపోయినట్టుంది. బావమరిది అతని మొహంలోకి కాసేపు చూసి, కుర్చీ ఖాళీ చేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అతను కూర్చున్నాడు. ఖాతాలన్నీ ఇంతకు ముందే ఖాళీ అయ్యాయి. ఆ ఒక్కటీ తీసేస్తే మీట నొక్కడమే. తీసెయ్యాలంటే ముందు తెరవాలి. పోయే వ్యాపారానికి రూలేమిటనుకుని, ఏడాదిలో మొదటిసారి ఒక కస్టమర్ ఖాతా తెరిచాడు.

అందులో ఉన్నది ఒకే ఒక బండి, అతని కారు. పెట్టుకున్న హెచ్చరిక కూడా ఒక్కటే: "వంతెన మీద ఆగిన మరుక్షణం నా ఫోన్ మోగాలి."